పందికి ఏ తుపాకి? తూటా ఖర్చు ఎవరిది?

(మండల స్థాయి రైతుల అధ్యయన తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి మధ్యాహ్నం మాట్లాడుకుందాం. పొద్దున పూట అడవి పందుల అంశం పెట్టింది మీరు అడిగినందుకే. సభ్యత్వం రాయడానికి ఏ ఊరికి పోయినా మమ్మల్ని మొదట అడిగేది యూరియా సంగతి, రెండోది పందుల సంగతి. అడవి అంచు ఊళ్లలోనైతే పందులదే మొదటి స్థానం. మక్క పాలు పోసుకునే వేళకు ఒక మంద దిగిందంటే తెల్లారేసరికి చేను చాప పరిచినట్టు ఉంటుంది. తిన్నది గంపెడు, తొక్కింది బండెడు. పల్లి చేనులోకి వస్తే నాగలి పట్టకుండానే ముట్టెతో దున్నేస్తుంది. ఇది మీకు మేం చెప్పాల్సిన పని లేదు.

అయితే ఈ మధ్య మీ ప్రశ్న మారింది. "ఏ తుపాకి కొంటే తక్కువల అయితది? లైసెన్సు ఎట్ల ఇస్తరు?" అని అడుగుతున్నారు. రైతు సంఘం తుపాకుల మీద క్లాసు చెప్పడమేమిటని మనవాళ్లే ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు. వాళ్ల అనుమానం మాకు అర్థమైంది. కానీ మనం మాట్లాడకపోతే రైతు ఊరుకోడు. తుపాకి అందకపోతే చేతికి అందిందే వాడతాడు. చేతికి అందుతున్నది ఏమిటో మీ అందరికీ తెలుసు. బైండింగ్ వైరు, ఒక కొండి, పైన పోతున్న కరెంటు లైను.

కాబట్టి తుపాకి కంటే ముందు ఆ తీగ గురించే మాట్లాడాలి.

పందిని చంపే సాధనాల్లో అన్నిటికంటే చవకైనది కరెంటు తీగే. రెండు మూడు కిలోల వైరు చాలు, కరెంటు ఖర్చు ఎటూ లేదు. కానీ ఆ తీగకు పంది ఎవరో, మనిషి ఎవరో తెలియదు. రాత్రి నీళ్లు పెట్టడానికి పోయిన పక్క చేను రైతు పోయాడు, పొద్దున తీగ తీయడం మరిచిపోయి తన చేనులోనే తాను పోయిన రైతు ఉన్నాడు, గేదెను వెతుక్కుంటూ పోయిన పిల్లగాడు పోయాడు. ఇలాంటి వార్త జిల్లా పేజీలో రాని సీజను లేదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగ్‌కు పోయిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు వేటగాళ్లు పెట్టిన ఇలాంటి తీగ తగిలే చనిపోయారు. కవ్వాల్ చుట్టుపక్కల పులులు కూడా ఈ తీగలకు బలయ్యాయి.

ఇక్కడ ఒక అపోహ ఉంది. "సోలార్ కంచె కూడా కరెంటే కదా, దానికి సబ్సిడీ అంటారు, మా తీగకు కేసు అంటారు" అని కొందరు వాదిస్తున్నారు. రెండింటికీ తేడా ఉంది. సోలార్ కంచెలో ఒక పెట్టె ఉంటుంది. అది వేల వోల్టుల దెబ్బనే ఇస్తుంది, కానీ కన్ను మూసి తెరిచేంత సేపు కూడా ఉండదు, సుమారు సెకనుకు ఒకసారి వచ్చి ఆగిపోతుంది. ఆ మధ్య వ్యవధిలో పందైనా మనిషైనా విడిపించుకుని వెనక్కి దూకుతారు. మన కొండి తీగలో 230 వోల్టులు ఆగకుండా పారుతూనే ఉంటాయి. ఒంట్లోని కండరాలు బిగుసుకుపోయి తీగను వదలలేరు. గుండె ఆగడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు చాలు. వాన పడి నేల తడిసి ఉంటే ఇక చెప్పేదేముంది. ఎవరైనా చనిపోతే పెట్టేది చిన్న కేసు కూడా కాదు, హత్య కాని ప్రాణనష్టం కింద పెడుతున్నారు. దానికి తోడు 2003 విద్యుత్ చట్టం 135 సెక్షన్ కింద కరెంటు చౌర్యం, చచ్చింది పందే అయితే వన్యప్రాణి చట్టం. ఒక్క పంది కోసం మూడు కేసులు, జైలు, రెండు ఎకరాల అమ్మకం.

పిండిలో చుట్టి పెట్టే నాటు బాంబు సంగతి కూడా ఇంతే. పంది కొరికితే పంది దవడ, ఆవు కొరికితే ఆవు దవడ. నెల రోజులు మేత మేయలేక చచ్చిపోయే పశువును చూసినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. ఈ రెండింటి విషయంలో సంఘం మాట ఒక్కటే. మన సభ్యులెవరూ పెట్టొద్దు, పెట్టేవాళ్లను ఊళ్లో ఆపాలి.

ఇప్పుడు తుపాకి.

మన ఊళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు, టెక్సాస్‌లో మరీ ఎక్కువ. వాళ్లు ఫోన్లో వీడియోలు పంపుతారు. అక్కడి రైతు జీపులో కూర్చుని, దుర్బిణి బిగించిన రైఫిల్‌తో రెండు మూడు వందల మీటర్ల దూరం నుంచి కాయోట్‌ను పడగొడతాడు. కాయోట్ అంటే నక్కకూ తోడేలుకూ మధ్య రకం జంతువు, బరువు పది నుంచి ఇరవై కిలోలు, గొర్రె పిల్లలను, లేగలను ఎత్తుకుపోతుంది. అక్కడి రైతులకు కూడా మన ప్రశ్నే ఉంది, ఏ తూటా చవక అని. ఎక్కువమంది చెప్పుకునే సమాధానం పాయింట్ 223. ఎందుకంటే అది వాళ్ల సైన్యం వాడే 5.56 మిల్లీమీటర్ల తూటాకు అన్నదమ్ముల వంటిది. ఫ్యాక్టరీలు కోట్ల కొద్దీ తయారు చేస్తాయి, అందుకే చవకగా దొరుకుతుంది. గుండు బరువు మూడున్నర గ్రాములే. వేగం మాత్రం సెకనుకు 900 మీటర్లు దాటుతుంది. ఇరవై కిలోల జంతువుకు అది చాలు, తోలు కూడా పెద్దగా పాడవదు.

మన దేశంలో సరిగ్గా దీనికి తిరకాసు. అక్కడ సైన్యం వాడే తూటా కాబట్టి చవక. ఇక్కడ సైన్యం, పోలీసులు వాడే తూటా కాబట్టి మామూలు పౌరుడికి నిషిద్ధం. పాయింట్ 303, 7.62 మిల్లీమీటర్లు, 9 మిల్లీమీటర్లు, ఇవేవీ మనకు లైసెన్సు మీద ఇవ్వరు. ఇది తెల్లదొర పెట్టిన పద్ధతి. 1857 తిరుగుబాటు చూసి భయపడి 1878లో ఆయుధాల చట్టం తెచ్చి జనం చేతిలో తుపాకి లేకుండా చేశాడు. సైన్యం తూటాలు దొంగతనంగా బయటికి వస్తాయని, పౌరుల రైఫిళ్లకు సైన్యంలో లేని కొలతలు పెట్టించాడు. అలా వచ్చిందే పాయింట్ 315. స్వరాజ్యం వచ్చాక కూడా మన ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీలు పౌరుల కోసం చేసిన ప్రధానమైన రైఫిల్ ఇదే. తయారు చేసేవాళ్లు తక్కువ, కొనేవాళ్లు తక్కువ, అందుకే ధర దిగదు.

కాబట్టి వీడియో చూసి రైఫిల్ మీద మనసు పడ్డ తమ్ముళ్లకు చెబుతున్నాం, ఖర్చు సంగతి తర్వాత, మన చేలకు రైఫిల్ పనికిరాదు. కారణం లెక్క వేసి చూపిస్తాం. 2015-16 వ్యవసాయ గణాంకాల ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు. అంటే వంద మీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు. పాయింట్ 315 గుండు గురి తప్పితే, ఏ చెట్టూ గుట్టా అడ్డం రాకపోతే, మూడు కిలోమీటర్లయినా పోతుంది. ముప్పై మంది రైతుల చేల మీదుగా పోతుందన్నమాట. ఆ ముప్పై చేలల్లో రాత్రిపూట ఎన్ని మంచెలు ఉన్నాయి, ఎంతమంది కావలి ఉన్నారు, మోటరు దగ్గర ఎవరు నిలబడి ఉన్నారు? చిన్న పాయింట్ 22 గుండు కూడా కిలోమీటరు దాటి పోతుంది. పైగా దాంతో పంది చావదు, గాయపడుతుంది. గాయపడిన మగ పంది పొదలో దాక్కుని, పొద్దున చెంబు పట్టుకుని పోయిన మనిషి తొడ చీలుస్తుంది. అమెరికా రైతుకు చుట్టూ వేల ఎకరాల గడ్డి నేల ఉంది, వెనకాల ఎవరూ లేరు. మన చేనుకు నాలుగు గట్లూ మనుషులే.

మరి మనకు సరిపోయేది ఏది? 12 బోరు తుపాకి. గొట్టం లోపల నున్నగా ఉంటుంది, రైఫిల్‌కు ఉన్నట్టు మరలు ఉండవు. తూటాలో ఒకే గుండు బదులు గోలీలు ఉంటాయి. పిట్టల కోసం వాడే సన్న గోలీలు పందికి తగిలితే చర్మం కింద ఆగిపోతాయి. పందికి వాడేది పెద్ద గోలీల రకం, దుకాణంలో ఎస్జీ, ఎల్జీ అని అడుగుతారు. ఎస్జీ తూటాలో ఎనిమిది తొమ్మిది గోలీలు, ఒక్కొక్కటి ఎనిమిది మిల్లీమీటర్లకు పైగా మందం. ఎల్జీ గోలీ ఇంకా పెద్దది, సంఖ్య తక్కువ. ముప్పై మీటర్ల లోపు ఇవి పందిని నిలబెట్టి పడగొడతాయి. నలభై దాటితే గోలీలు చెదిరిపోతాయి, ఒకటో రెండో తగిలి పంది గాయంతో పారిపోతుంది. అంటే దగ్గరికి రానిచ్చి కొట్టాలి, ఓపిక కావాలి. దీని బలహీనతే మనకు మేలు కూడా. గోలీ దూరం పోదు, కొన్ని వందల మీటర్లలో నేల మీద పడుతుంది. ఆ కొన్ని వందల మీటర్లలో మనుషులు లేరని చూసుకోవాల్సిందే, అందులో మినహాయింపు లేదు.

ఒంటి గొట్టం 12 బోరు చవక, జంట గొట్టం ఖరీదు ఎక్కువ. గాయపడిన పంది మీదికి వస్తే రెండో తూటా చేతిలో ఉండటం ప్రాణం నిలబెడుతుందని అనుభవం ఉన్న షూటర్లు జంట గొట్టాన్నే ఇష్టపడతారు. మా సలహా కూడా అదే. డబ్బు మిగిల్చుకోవాల్సిన చోటు అది కాదు.

ఇక మన పెద్దవాళ్లకు తెలిసిన బర్మార్. గొట్టం మూతి నుంచి మందు పోసి, గోలీ వేసి, కూరి, పైన టోపీ పెట్టి పేల్చేది. తెలంగాణ సాయుధ పోరాటంలో నిజాం పోలీసులకు, రజాకార్లకు ఎదురు నిలిచిన చేతుల్లో వడిసెలల తర్వాత ఉన్నది ఇవే. చరిత్రలో దాని గౌరవం దానిది. కానీ వానాకాలం రాత్రి మందు చెమ్మగిల్లితే పేలదు, పేలితే ఒక్కటే దెబ్బ, మళ్లీ నింపే లోపు పంది మందంతా అడవి చేరుతుంది. మందు ఎక్కువైతే గొట్టమే పగులుతుంది. కమ్మరి కొలిమిలో చేయించుకున్న నాటు తుపాకి మాట అసలే ఎత్తొద్దు. అది లైసెన్సు లేని ఆయుధం, చేతిలో దొరికితే చాలు కేసు.

ఇక్కడ చట్టంలో ఉన్న ఒక విషయం మీరందరూ రాసుకోవాలి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్, మూడో ఉపసెక్షన్. నిజమైన పంట రక్షణ కోసం బర్మార్ తుపాకి లైసెన్సు అడిగిన పౌరుడికి అధికారి లైసెన్సు ఇవ్వాలని అందులో ఉంది. ఆ ప్రాంత పరిస్థితుల్లో బర్మార్ సరిపోదని అధికారికి తృప్తి కలిగితే, పంట రక్షణ కోసమే 12 బోరు లాంటి నున్న గొట్టం తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని కూడా అదే చోట ఉంది. అంటే చట్టం రాసినవాళ్లకు పంట రక్షణ అనే అవసరం ఉందని అరవై ఏళ్ల కిందటే తెలుసు. కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇవ్వడానికి పోయిన రైతును "నీకెందుకయ్యా తుపాకి" అని గుమాస్తా వెనక్కి పంపితే, ఈ సెక్షన్ పేరు చెప్పి రసీదు అడగండి. పోలీసు విచారణ ఉంటుంది, వైద్య ధ్రువపత్రం అడుగుతారు, తుపాకి వాడకంలో శిక్షణ పొందినట్టు కాగితం అడుగుతారు, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు చూపాలి. ఇవన్నీ న్యాయమైన షరతులే, మేం కాదనం.

కానీ ఈ లైసెన్సు ఒక్కటీ చేతికి రాగానే పందిని కాల్చవచ్చు అనుకుంటే పొరపాటు. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటున్నారు. తుపాకి ఉంచుకోవడానికి ఒక కాగితం, పందిని కాల్చడానికి ఇంకో కాగితం. ఒకటి కలెక్టరు దగ్గర, ఒకటి అటవీ శాఖ దగ్గర. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవి పంది మొదట మూడో షెడ్యూల్లో ఉండేది, 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్లోకి వచ్చింది. 11వ సెక్షన్ ప్రకారం మనుషులకు గానీ, ఆస్తికి గానీ ప్రమాదకరమైన జంతువును చంపడానికి ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి, కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. ఆస్తి అన్న మాటలో నిలిచి ఉన్న పంట కూడా వస్తుందని చట్టమే చెప్పింది. ఆ రాతపూర్వక అనుమతి లేకుండా కాలిస్తే మూడేళ్ల దాకా జైలు. మీద పడ్డ పందిని ప్రాణ రక్షణ కోసం చంపితే అది నేరం కాదు. కానీ ఆ మినహాయింపు మనిషి ప్రాణానికే, మక్క చేనుకు వర్తించదు.

మాంసం సంగతి కూడా అడుగుతున్నారు, నవ్వుకుంటూ అడిగినా అడుగుతున్నారు. అనుమతితో చంపిన పంది 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. ఫారెస్టువాళ్ల సమక్షంలో పూడ్చాల్సిందే. ఊరంతా పంచుకుంటే పండగ ఒక పూట, కేసు పదేళ్లు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రెండున్నర ఎకరాల రైతు 12 బోరు కొనాలా? మా సమాధానం, కొనొద్దు. తుపాకి ధర ఒక్కటే ఖర్చు కాదు. లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే కూలి రోజులు, శిక్షణ, ఇనుప బీరువా, రెన్యువల్, తూటాల కోసం పట్నం ప్రయాణం. ఎన్నికల కోడ్ వచ్చిందంటే తుపాకిని స్టేషన్లో జమ చేయమంటారు. పంచాయతీ, మండల, అసెంబ్లీ, పార్లమెంటు, ఏదో ఒక ఎన్నిక మన పంట మీదికే వస్తుంది. పంది మాత్రం కోడ్ పాటించదు. ఇదంతా అయ్యాక కూడా, కాల్చడం చేతకాని మనిషి చీకట్లో తుపాకి ఎత్తితే అది పంది కంటే ప్రమాదం. ఇంట్లో తాగుడు ఉన్న చోట, అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా ఉన్న చోట, గోడకు తుపాకి వేలాడటం మంచిది కాదు. ఈ మాట కొందరికి నచ్చదు. అయినా చెప్పాలి.

అయితే ఎవరి దగ్గర ఉండాలి? కేరళలో 2022లో పంచాయతీ అధ్యక్షులకు పందుల విషయంలో గౌరవ వన్యప్రాణి వార్డెన్ల అధికారం ఇచ్చారు. లైసెన్సు ఉన్న తుపాకిదారులతో జాబితా తయారు చేసి, రైతు ఫిర్యాదు చేస్తే పంచాయతీయే ఆదేశం ఇచ్చి పిలిపించే పద్ధతి పెట్టారు. అక్కడ కూడా షూటర్లు చాలడం లేదని, డబ్బులు సరిగా అందడం లేదని విమర్శలు ఉన్నాయి. అయినా నిర్ణయం ఊళ్లోనే జరగడం పెద్ద మార్పు. మన రాష్ట్రంలోనూ అటవీ శాఖ గుర్తించిన షూటర్లను పిలిపించి పందులను కాల్చిన సందర్భాలున్నాయి. మన గోస ఏమిటంటే, దరఖాస్తు రేంజి ఆఫీసుకు పోయి, డివిజనుకు పోయి, అనుమతి తిరిగి వచ్చేసరికి మక్క కోత అయిపోతుంది. షూటరు వస్తే అతని బస, బండి, తూటాలు ఊరే పెట్టుకోవాలంటారు. మన చేనులో మన పంట పోయింది, చంపిన పంది ప్రభుత్వానిది, తూటా ఖర్చు మాత్రం మనది. ఈ లెక్క ఏ పద్దులో రాయాలో మాకు తెలియడం లేదు.

అందుకని సంఘం అడుగుతున్నది ఇది. దరఖాస్తు ఇచ్చిన మూడు రోజుల్లో అనుమతి రావాలి, అది మండలంలోనే దొరకాలి. రెండు మూడు ఊళ్లకు కలిపి, శిక్షణ పొందిన ఇద్దరు లైసెన్సుదారులు ఉండాలి. వాళ్ల 12 బోరు తూటాల ఖర్చు, రాత్రి భత్యం, పందిని పూడ్చే ఖర్చు ప్రభుత్వమే పెట్టాలి. ఎన్నికల కోడ్ వేళ పంట రక్షణ తుపాకులకు మినహాయింపు ఉండాలి. కాల్పుల రాత్రి ముందుగా డప్పు చాటింపు వేయాలి, మంచెల మీద ఎవరూ ఉండకూడదు.

కొందరు పందిని ఏకంగా హానికర జంతువుగా ప్రకటించాలంటున్నారు. 62వ సెక్షన్ కింద ఆ అధికారం కేంద్రానిది. 2015 డిసెంబరులో బిహార్‌లో నీల్‌గాయిలను, అడవి పందులను ఏడాది పాటు అలా ప్రకటించారు. 2016లో మొకామా దగ్గర హైదరాబాద్ నుంచి పోయిన షూటర్లు రెండు వందలకు పైగా నీల్‌గాయిలను కాల్చారు, దాని మీద కేంద్ర మంత్రుల మధ్యే రచ్చ అయింది. అడిగే హక్కు మనకుంది, అడుగుదాం. కానీ దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. ఎందుకో కాయోట్ కథే చెబుతుంది. అమెరికా ప్రభుత్వ విభాగం ఒక్కటే ఏటా యాభై అరవై వేల కాయోట్లను చంపుతోంది. రైతులు, వేటగాళ్లు చంపేది దానికి అదనం. చవకైన తూటా ఉంది, తుపాకికి అడ్డు లేదు. అయినా కాయోట్ తగ్గలేదు సరికదా, ఒకప్పుడు పడమటి మైదానాలకే పరిమితమైనది ఇప్పుడు తూర్పు తీరం నగరాల దాకా వచ్చింది. మన ఆడ పంది ఒక్క ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు పెడుతుంది, ఇంకా ఎక్కువ కూడా పెడుతుంది. ఒక రాత్రి రెండు పందులు పడితే ఆ మంద వారం పది రోజులు ఆ చేను వైపు రాదు, అంతే. ఆ పది రోజులు మక్క గింజ గట్టిపడటానికి పనికొస్తాయి. తుపాకి నుంచి అంతకంటే ఎక్కువ ఆశించొద్దు.

మిగతా పద్ధతులు మీకు చాలావరకు తెలిసినవే, త్వరగా చెప్పేస్తాం. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు పల్లి చేను చుట్టూ నాలుగు వరుసలు కుసుమ దట్టంగా వేయమంటారు. ముళ్లకు పంది ముట్టె పెట్టదు, పల్లి వాసన కూడా బయటికి తెలియదు. మక్క చుట్టూ ఆముదం వేయొచ్చు. పాత చీరలు కట్టడం కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత పంది అలవాటు పడుతుంది. నిజంగా నిలబడేది కంచె. ఒక్క రైతు ఒక్క హెక్టారు చుట్టూ కట్టాలంటే నాలుగు వందల మీటర్లు కావాలి. అదే పది మంది పక్కపక్కన ఉన్న పది హెక్టార్ల చుట్టూ కడితే పదమూడు పద్నాలుగు వందల మీటర్లలో అయిపోతుంది, మనిషికి నూట నలభై మీటర్ల లోపే పడుతుంది. సోలార్ కంచె సబ్సిడీ అడిగేటప్పుడు ఈ లెక్కతో గుంపుగా అడగండి. తీగ కింద గడ్డి పెరిగితే దెబ్బ తగ్గిపోతుంది, ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసుకోండి.

పరిహారం గురించి ఒక మాట. 2025 నవంబరులో కేంద్రం, అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని ఫసల్ బీమాలో అదనపు రక్షణగా 2026 వానాకాలం నుంచి చేరుస్తామని ప్రకటించింది. ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్నది రాష్ట్రాలు గుర్తించాలి. నష్టం జరిగిన 72 గంటల్లో ఫోటోలతో యాప్‌లో నమోదు చేయాలి. మన జిల్లా, మన పంది ఆ జాబితాలో ఉండేలా చూడటం మన పని. ఇందులో కౌలు రైతు సంగతి తేలలేదు. చేను కౌలుదారుది, పాసుబుక్కు పట్టాదారుది. రాత్రంతా మంచె మీద మేలుకునేవాడు ఒకడు, పరిహారం పేరు మీద వచ్చేది ఇంకొకడికి. పంట రక్షణ లైసెన్సు అడిగినా భూమి కాగితం ఏదంటారు. మధ్యాహ్నం కౌలు గుర్తింపు మీద తీర్మానం చేసేటప్పుడు ఈ రెండు విషయాలు కూడా అందులో రాయాలని మా ప్రతిపాదన.

చేయాల్సిన పని చెప్పి ముగిస్తాం. ప్రతి ఊరి కమిటీ ఒక నోటుబుక్కు పెట్టండి. పంది పడ్డ తేదీ, సర్వే నంబరు, పంట, ఎన్ని గుంటలు పోయింది, పట్టాదారు పేరు, కౌలుదారు పేరు రాయండి. ఫోటో తీయండి, ఫోటోలో తేదీ పడేటట్టు చూడండి. వ్యవసాయ విస్తరణ అధికారితో సంతకం పెట్టించండి, పెట్టకపోతే పెట్టలేదని రాయండి. వచ్చే గ్రామసభలో అడవి పందుల అనుమతి కోరుతూ తీర్మానం చేయించి ఒక కాపీ రేంజి ఆఫీసుకు, ఒక కాపీ కలెక్టరుకు, ఒకటి మన ఆఫీసుకు పంపండి. ఊళ్లో లైసెన్సు ఉన్న 12 బోరు ఎవరి దగ్గరైనా ఉంటే ఆ మనిషికి జాబితాలో చేరే ఇష్టం ఉందో లేదో అడిగి రాయండి. కొండి తీగలు పెట్టేవాళ్ల పేర్లు మాకు చెప్పనక్కరలేదు, మీరే పోయి తీయించండి.

చాయ్ వచ్చింది. తాగి వచ్చాక ఊరి వారీగా కూర్చుందాం, దరఖాస్తు నమూనా కాగితాలు వెనక బల్ల మీద ఉన్నాయి.